దొరను కూసోబెట్టినోడు

మా అవ్వ పోయిన నాడు ఆమె ఫొటో కోసం ఇల్లంత దేవులాడినం. సందుగ తీసినం, ట్రంకు పెట్టె తీసినం, పట్టా పాసు బుక్కుల నడుమ కూడ జూసినం. ఎనభై ఏండ్లకు పైన బతికిన మనిషి. నాట్లేసింది, కోతలు కోసింది, ఎనిమిది మందిని కని ఐదుగురిని దక్కించుకున్నది. గని ఆమె ఒక్కతే కూసున్న ఫొటో ఒక్కటి లేదు. పెండ్లిళ్ల ఫొటోలల్ల ఎక్కడ్నో ఎనక వరుసల సగం మొఖం, అంతే. ఆఖరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే మండలంల ఉన్న స్టూడియోకు పట్కపోయి పెద్దగ జేయించినం. కండ్లు సగం మూసుకోని, ఎవరో గదమాయిస్తే బెదిరినట్టు ఉంటది గా బొమ్మల. దానికే దండ ఏసినం. ఇప్పటికీ మా గోడకు గదే ఉన్నది.

అప్పటిసంది నాకొకటే సోయి. ఫొటో ఎవరికి దక్కుతది? ఎవరు కుర్చీల కూసుంటరు, ఎవరు ఎనక నిలబడ్తరు, ఎవరు అసలు బొమ్మలకే రారు? గిదంత ఎవరు నిర్ణయం చేస్తరు?

మొన్న బొల్లారంల రాష్ట్రపతి నిలయం చూడనీకి పోయినప్పుడు గీ ముచ్చట మల్ల మతికొచ్చింది. ఎనుకట ఏడాదికోసారి, రాష్ట్రపతి వచ్చిపోయినంక కొద్ది దినాలు మాత్రమే జనాన్ని రానిస్తుండె. 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా చూడొచ్చు. 90 ఎకరాల జాగ, నడుమ ఒక్క అంతస్తు బంగ్లా. 1860ల కట్టిన్రు. నిజాం రాజ్యం మీద కన్నేసి కూసునే తెల్లదొర ఉంటుండె గదా, రెసిడెంటు అంటరు, ఆయనకు పట్నం అవుతల గాలి మారనీకి గిది విడిది. ఆయన అసలు బంగ్లా కోఠిల ఉండె. అండ్ల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్నది. కాలం గిట్ల కూడ తిరుగుతది.

బొల్లారం చుట్టుపక్కల అప్పుడంత ఫౌజుల గుడారాలు, బారకాసులు. హైదరాబాద్ కంటింజెంట్ అనే ఫౌజుకు బొల్లారమే కేంద్రం. జీతాలు నిజాం సొమ్ము, హుకుం తెల్లోనిది. గా తోటల తిరుగుకుంట నేను ఒక మనిషి గురించి ఆలోచన చేసిన. గిసొంటి బంగ్లాల ముంగట పెట్టెలు మోసుకోని నిలబడి, లోపల ఉన్న దొరను బయటికి రప్పించి, కుర్చీల కూసోబెట్టి, కదలొద్దని చెప్పిన మనిషి. ఆయన పేరు దీన్ దయాళ్. రాజా దీన్ దయాళ్ అని పుస్తకాలల్ల చదివే ఉంటరు. రాజా అనేది పుట్టుకతోని వచ్చింది గాదు, తర్వాత వచ్చిన బిరుదు.

ఆయన మన దిక్కు మనిషి గాదు. 1844ల ఉత్తరాన మీరట్ కాడ సర్ధనా అనే ఊర్ల జైనుల ఇంట్ల పుట్టిండు. రూర్కీల థామసన్ కాలేజీ అని ఇంజినీరింగు కాలేజీ ఉండె. ఇప్పుడు అదే ఐఐటీ. అండ్ల చదివి 1866ల ఇండోరుల సర్కారు పబ్లిక్ వర్క్స్ ఆఫీసుల కొలువుకు కుదిరిండు. పనేంది? నక్షలు గీసుడు, కట్టడాలకు ఎంత ఖర్చయితదో అంచనాలు కట్టుడు. పొద్దున పోవాలె, గీతలు గియ్యాలె, మాపటికి ఇంటికి రావాలె. అట్లనే ఉంటే ఇయ్యాల ఆయన పేరు ఎవనికీ ఎరుక ఉండేది గాదు.

1874 ప్రాంతంల ఆయన కెమెరా పట్టిండు. కెమెరా అంటే మన చేతులల్ల ఉన్న ఫోన్ అనుకునేరు. కట్టె పెట్టె, మూడు కాళ్ల స్టాండు, బరువైన అద్దం పలకలు. పలకకు మందు పూయాలె, అది తడారకముందే కెమెరాల పెట్టాలె, బొమ్మ పట్టాలె, పట్టిన వెంటనే చీకటి గుడారంల కడగాలె. జెర ఆలస్యమైతే పలక ఖరాబు. బయటికి పోతే గుడారం, మందుల సీసాలు, నీళ్లు, పలకలు అన్నీ ఎంట మోసుకపోవాలె. ఇగ కాయిదం మీదికి బొమ్మ ఎక్కియ్యాలంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాయిదాన్ని పలకతోని కలిపి ఎండల పెట్టాలె. ఎండ మంచిగుంటె బొమ్మ మంచిగొస్తది, మబ్బు పడితే ఆగాలె. మన దగ్గర ఒరుగులు ఎండబెట్టినంత ఓపిక గావాలె.

గని గిదంత కష్టం గాదు. నేర్చుకుంటె ఒస్తది. అసలు కష్టం ఏందంటే, బొమ్మ దిగే మనిషి కూసోవాలె. దాన్నే సిట్టింగ్ అంటరు. రైతు కూసుంటడు, చౌకీదారు కూసుంటడు, కాని వాళ్లు పైసలు ఇయ్యలేరు. పైసలు ఇయ్యగలిగేటోడు, పేరు తేగలిగేటోడు పెద్ద దొర. ఆయన కూసోవాలంటే ఆయనకు తీరిక ఉండాలె, మనసు ఉండాలె, మధ్యల ఉన్న గుమాస్తాలు చిట్టీ లోపలికి పంపాలె. ఒక నల్లటి నక్షల గుమాస్తా పెట్టె పట్టుకోని వచ్చి దొరను కూసోమంటే ఎవరు కూసుంటరు? ఫొటో కంపెనీలు అప్పటికే పెద్ద పెద్దయి తెల్లోళ్లయే ఉండె.

దీన్ దయాళుకు ఇద్దరు ఆసరా అయిన్రు. ఒకరు ఇండోరు రాజు తుకోజీరావు హోల్కర్. ఇంకొకరు మధ్య భారతంల గవర్నర్ జనరల్ ఏజెంటుగ ఉన్న హెన్రీ డేలీ. గా డేలీ దొర మెచ్చుకున్నడు, మెచ్చుకోని పైవాళ్లకు చూపిచ్చిండు. ఇండోరు దిక్కు వచ్చిన వైస్రాయ్ నార్త్‌బ్రూక్ బొమ్మ దించే మోఖ దొరికింది. 1875-76ల ఇంగ్లండు యువరాజు మన దేశం తిరగనీకి వస్తే ఆయన బొమ్మలూ దించిండు. ఒక సిట్టింగ్ ఇంకో సిట్టింగుకు తొవ్వ చేసింది. ఊర్ల పెద్ద పటేల్ ఇంట్ల పెండ్లికి ఫొటోలు దించినోనికి మిగిలిన ఇండ్లోళ్లు తామే వచ్చి అడిగినట్టు.

ఇండ్ల ఒక మెలిక ఉన్నది, సూడుండ్రి. బొమ్మ ఎంత మంచిగ వచ్చినా, దాని కింద ఎవరి బొమ్మనో అనేదాన్ని బట్టి దాని కిమ్మతు. మా ఊరి కుమ్మరి బొమ్మను ఎంత అందంగ దించినా ఎవరు కొంటరు? వైస్రాయ్ బొమ్మ అయితే జాగీర్దారు కూడ కొంటడు, ఫౌజీ ఆఫీసరు కూడ కొంటడు. దీన్ దయాళ్ ఈ లెక్క మంచిగ అర్థం చేసుకున్నడు. అందుకే జీవితమంత పెద్ద తలుపుల ముంగటనే నిలబడ్డడు. నాకు ఆయన మీద గౌరవం ఉన్నది, కోపం కూడ ఉన్నది. రెండూ గీ కాడనే మొదలైతయి.

1880ల మొదట్ల లెపెల్ గ్రిఫిన్ అనే ఇంకో ఏజెంటు దొరతోని బుందేల్‌ఖండ్ దిక్కు తిరిగి, పాత గుళ్లు, కోటలు ఫొటోలు దించిండు. గవి 1886ల పుస్తకంగ వచ్చినయి. 1885ల వైస్రాయ్ డఫరిన్ కాలంల ఆయనకు వైస్రాయ్ ఫొటోగ్రాఫర్ అనే హోదా దొరికింది. ముందు కొలువుకు సెలవు పెట్టిండు, తర్వాత కొలువే ఇడిచిపెట్టిండు. సర్కారు నౌకరి ఇడిచి స్టూడియో పెడుడంటే గా రోజులల్ల కూడ ఇంట్లోళ్లు గుండెలు బాదుకునే ఉంటరు.

స్టూడియో ఏడ పెట్టిండు? 1886ల సికింద్రాబాదుల. ఎందుకు సికింద్రాబాదు? నక్ష గీసే మనిషి గదా, జాగ మంచిగ కొలిచే ఎంచుకున్నడు. ఒక పక్కన మూసీ దాటితే నిజాం దేవిడీలు, పాయిగా నవాబుల బంగ్లాలు. ఇంకో పక్కన తిర్మలగిరి, బొల్లారం దాకా తెల్ల ఫౌజులు. ఇంగ్లండుల ఉన్న అమ్మకు, పెండ్లానికి తమ బొమ్మ పంపాలని ప్రతి ఆఫీసరుకు ఉంటది. నవాబుకు తన తల్వారు, తన నగలు, తన పులితోలు అందరికి కనబడాలని ఉంటది. రెండు దర్బారుల నడుమ ఒక దుకాణం. తెల్ల దర్బారుకూ, నిజాం దర్బారుకూ ఒకడే ఫొటోలు దించేటోడు.

అప్పటి నిజాం ఆరో నిజాం, మహబూబ్ అలీ ఖాన్. 1866ల పుట్టిండు, చిన్న పిలగానిగ ఉన్నప్పుడే 1869ల గద్దె ఎక్కిండు, 1884ల పూర్తి అధికారం చేతికొచ్చింది. దీన్ దయాళ్ వచ్చే నాటికి ఇరవై ఏండ్ల పడుచు రాజు. వేట అంటే ప్రాణం, బట్టలంటే ప్రాణం, బొమ్మ దిగుడు కూడ ఇష్టమే. దీన్ దయాళ్ ఆయనకు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిండు. దర్బారులు, పెరేడులు, వేటలు, విందులు, రాజభవనాల గదులు, కొత్తగ కట్టిన మిల్లులు అన్నీ దించిండు. ఇయ్యాల మనం పాత హైదరాబాద్ ఎట్లుండె అని చూస్తున్నమంటే సగం ఆయన కండ్లతోనే చూస్తున్నం.

స్టూడియో లోపల ఎట్లుండేదో ఊహ చేయుండ్రి. పైనుంచి అద్దాల కప్పు, దాంట్లకెళ్లి ఎలుగు. ఎనక రంగులేసిన తెర, తోటలు, స్తంభాలు గీసి ఉంటయి. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద పూల గిన్నె. బొమ్మ పట్టనీకి కొన్ని సెకండ్లు పడుతుండె. గంతసేపు తల కదలొద్దు, కండ్లు కొట్టొద్దు. అందుకే కుర్చీ ఎనక ఇనుప కొక్కెం లాంటిది పెట్టి తలను ఆనిస్తుండె. బొమ్మల అది కనబడది.

గా కొన్ని సెకండ్లు నాకు మస్తు ఇష్టం. లక్షల మందికి హుకుం ఇచ్చే మనిషి, ఎవ్వని మాట విననోడు, ఒక నల్ల మనిషి మాట విని కదలకుండ కూసున్నడు. గడ్డం జెర పైకెత్తమంటే ఎత్తిండు. చెయ్యి మోకాలు మీద పెట్టమంటే పెట్టిండు. తెల్లదొరల రాజ్యంల, మన దేశపోడు దొరకు హుకుం ఇయ్యగలిగిన జాగ ఏదన్న ఉన్నదంటే అది కెమెరా ఎనక ఉన్న నల్లగుడ్డ కింద మాత్రమే. ఆ గుడ్డ తీసినంక మల్ల ఎవరి జాగల వాళ్లు.

ఆడోళ్ల ముచ్చట వేరే. నవాబుల ఇండ్లల్ల పర్దా ఉండె. పరాయి మగోడు బొమ్మ దించుడు అనేదే లేదు. 1892ల దీన్ దయాళ్ హైదరాబాదుల జనానా స్టూడియో పెట్టిండు. ఆడోళ్ల కోసమే. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని దాన్ని నడిపింది. అండ్లకు మగోళ్లకు ప్రవేశం లేదు. గా కాలంల గిది చిన్న పని గాదు. ఇంట్ల గోడల నడుమనే పుట్టి గోడల నడుమనే పోయే ఆడోళ్లకు, తమ మొఖం తామే కాయిదం మీద చూసుకునే అవకాశం వచ్చింది. గని అదీ పైసలున్న ఇండ్ల ఆడోళ్లకే. వాళ్లకు విసనకర్ర ఊపిన దాసీకి సిట్టింగ్ ఎవరిస్తరు?

ఇగ బిరుదులు వరుసగ వచ్చినయి. 1894ల నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూర్ అని బిరుదిచ్చిండు. ముసవ్విర్ అంటే బొమ్మలు చేసేటోడు. 1896ల బొంబాయిల పెద్ద స్టూడియో తెరిచిండు. 1897ల విక్టోరియా రాణి నుంచి రాజముద్ర పత్రం వచ్చింది. ఇండోరుల నక్షలు గీసిన గుమాస్తా యాభై ఏండ్లు దాటే సరికి ఇద్దరు ప్రభువుల బిరుదులు మోసుకునే రాజా అయిండు. నిజాం ఆయనను పొగుడుకుంట ఉర్దూల పద్యం కూడ కట్టిండని చెప్తరు.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. 1902.

గా ఏడాది కేరళ నుంచి ఇంకో మనిషి హైదరాబాదుకు వచ్చిండు. రాజా రవివర్మ. పేరు తెలవనోడు లేడు. మీ నానమ్మ ఇంట్ల దేవుని అర్రల ఉన్న లక్ష్మి, సరస్వతి పటాలు ఉన్నయి గదా, తామర పువ్వు మీద నిలబడ్డ లక్ష్మి, ఎనక ఏనుగు, గవి ఆయన గీసిన బొమ్మల పోలికలే. 1848ల కిలిమానూరుల పుట్టిండు. బరోడా రాజు, మైసూరు రాజు పిలిపిచ్చుకోని బొమ్మలు గీయించుకున్నరు. 1894ల బొంబాయి కాడ అచ్చు ప్రెస్సు పెట్టి దేవుళ్ల బొమ్మలను అగ్గువ ధరకు ఇంటింటికి పంపిండు. గసొంటి మనిషి, తమ్ముడు రాజరాజవర్మను ఎంటబెట్టుకోని హైదరాబాదుకు వచ్చిండు. ఎందుకు? నిజాం కూసుంటే ఆయన బొమ్మ గియ్యాలని. ఉన్నది ఎవరి ఆసరాల? దీన్ దయాళ్ ఆసరాల.

ఎదురు చూసిన్రు. ఇయ్యాల పిలుపొస్తది, రేపు పిలుపొస్తది అని ఎదురు చూసిన్రు. తమ్ముడు రోజూ డైరీ రాసే మనిషి, అందుకే గీ కథ మనదాక వచ్చింది. దేశమంత పేరున్న చిత్రకారుడు, రంగులు, బ్రష్షులు పట్టుకోని కూసున్నడు. దేవిడీ నుంచి పిలుపు రాలే. నిజాం కూసోలే. ఆఖరికి అన్నదమ్ములు ఉత్త చేతులతోని ఎనుకకు మర్లిన్రు.

ఎందుకు పిలువలేదు? రాజుకు కారణం చెప్పే అవసరం లేదు. అదే రాజరికం. కారణం చెప్పాల్సిన అవసరం లేనోడే అధికారంల ఉన్నట్టు. మీరు మండలాఫీసు ముంగట దినమంత కూసోని, మాపటికి సారు ఎనక తలుపుకెళ్లి ఎళ్లిపోయిండని తెలుసుకోని ఇంటికి వచ్చిన్రా ఎన్నడన్న? అట్ల వచ్చి ఉంటే రవివర్మ బాధ మీకు ఎవరూ చెప్పే పని లేదు.

ఇంకొక సంగతి కూడ చూడాలె. ఫొటోకు కొన్ని సెకండ్లు చాలు. చేతితోని గీసే బొమ్మకు గంటలు గావాలె, దినాలు గావాలె. ప్రభువు తన కాలాన్ని పక్కన పెట్టి ఒక కళాకారుని ముంగట కూసోవాలె. అంత కాలం ఇచ్చుడంటే ఎదుటి మనిషిని గౌరవించుడే. దీన్ దయాళుకు సెకండ్లు దొరికినయి, రవివర్మకు గంటలు దొరకలే.

గదే ఏడాది, గదే నిజాం రాజ్యంల ఇంకొకనికి మాత్రం మస్తు కాలం దొరికింది. వైస్రాయ్ కర్జన్. 1902 మార్చి ఆఖరుకు హైదరాబాదుకు వచ్చిండు. బీరారు ముచ్చట నిజాంతోని ఒంటరిగ మాట్లాడిండు. ఏడాదికి 25 లక్షల కిరాయి కింద బీరారును శాశ్వతంగ తెల్లోళ్లకు అప్పజెప్పే ఒప్పందానికి నిజాంను ఒప్పిచ్చిండు. నవంబరుల సంతకాలైనయి. హైదరాబాదుకు వచ్చిన గా రాకలనే మన వరంగల్ దిక్కు నెక్కొండ కాడ పులి వేటకు పోయిండు. సచ్చిన పులి ముంగట కర్జన్, ఆయన పెండ్లాం నిలబడి దిగిన ఫొటో మీరు నెట్టుల చూసే ఉంటరు. అది దీన్ దయాళ్ దించిందే. నెక్కొండ పిలగాండ్లకు గీ సంగతి ఎవరన్న చెప్పిన్రో లేదో.

గా ఫొటోల పులి ఉన్నది, దొర ఉన్నడు, దొరసాని ఉన్నది. పులిని ఎల్లగొట్టనీకి డప్పులు కొట్టుకుంట అడవిల ఉరికిచ్చినోళ్లు ఎవరు? వేటంటే పదుల మంది, వందల మంది ఊరోళ్లు అడవిని చుట్టుముట్టాలె. వాళ్లు లేకుంటే దొర తుపాకి ముంగటికి పులి రాదు. వాళ్ల పేర్లు ఏడ లేవు. ఒక్క ఏడాది మూడు ముచ్చట్లు జూపెట్టింది. కళాకారునికి తలుపు తెరువలే. గుంజుకోనీకి వచ్చినోనికి తలుపు బార్ల తెరిచిన్రు. చాకిరి చేసినోళ్లు బొమ్మలకే రాలే.

ఇంకొక రకం ఫొటోలు కూడ ఉన్నయి. గవి చూస్తే నిద్ర పట్టది. 1899-1900ల దక్కనంత పెద్ద కరువొచ్చింది. నిజాం రాజ్యంల ఔరంగాబాద్ దిక్కు జనం ఎముకల గూళ్లయిన్రు. దీన్ దయాళ్ కంపెనీ కెమెరా ఆడికి పోయింది. గోచీలు పెట్టుకోని, పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్న పడుచు పిలగాండ్లను వరుసగ నిలబెట్టి ఫొటో దించిన్రు. నిజాం సర్కారు చేసిన సాయం చూపెట్టనీకి, మంచి పనుల లెక్కల భాగంగ దించిన ఫొటోలు. ఆకలైనోళ్లు ఎవర్ని సిట్టింగ్ అడగలే. వాళ్లను అడిగి దించిన్రో లేదో ఎవ్వరూ రాయలే. వాళ్ల పేర్లు కూడ రాయలే. కర్జన్ పేరు ఉన్నది, నిజాం పేరు ఉన్నది, వేటల ఏ ఏనుగు ఎక్కిన్రో గది కూడ కొన్నిట్ల ఉన్నది. ఆకలితోని నిలబడ్డ మనిషికి మాత్రం పేరు లేదు.

ఆ పద్ధతి ఏడికీ పోలే. వరదలొచ్చినప్పుడు చూడుండ్రి, చద్దరు ఇచ్చే చెయ్యి ముంగట ఉంటది, ఇచ్చేటోని మొఖం నవ్వుకుంట కెమెరా దిక్కు ఉంటది, తీసుకునే ముసలమ్మ మొఖం పక్కకు. అరటి పండొకటి పది మంది పట్టుకోని రోగికి ఇచ్చే ఫొటోలు చూసి మనం నవ్వుకుంటం గదా. దానికి నూటపాతికేండ్ల వయసు ఉన్నది.

గని దీన్ దయాళ్ చేసిన పనిని నేను కొట్టిపారెయ్య. గా కరువు ఫొటోలు సాయం గొప్పలు చెప్పనీకి దించిన్రు, నిజమే. నూరేండ్ల తర్వాత మనకు అందుల సాయం కనబడ్తలేదు, ఆకలే కనబడ్తది. ఎవని గొప్ప చెప్పనీకి దించిన్రో వానికే ఎదురు తిరిగి సాక్ష్యం చెప్తున్నయి. కెమెరాకు గా గుణం ఉన్నది. పట్టుకున్నోని ఇష్టం ఒకటుంటది, అద్దం మీద పడ్డది ఇంకొకటుంటది.

ఆఖరి దినాలు దీన్ దయాళుకు మంచిగ పోలే. ఆయనకు ఇద్దరు కొడుకులు, జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్. ఇద్దరూ గీ పనిలనే ఉండె. 1904ల ధరమ్ చంద్ తండ్రి కండ్ల ముంగటనే పోయిండు. ఏడాది తిరిగే సరికి, 1905 జులై 5న దీన్ దయాళ్ కూడ పోయిండు. గదే 1905ల రవివర్మ తమ్ముడు రాజరాజవర్మ పోయిండు, 1906ల రవివర్మ పోయిండు. సికింద్రాబాదుల ఒక్క కాడ కూసోని పిలుపు కోసం ఎదురు చూసిన మనుషులు నాలుగేండ్లల్ల ముగ్గురికి ముగ్గురు లేకుండ పోయిన్రు. నిజాం 1911 దాకా ఉన్నడు.

అద్దం పలకలు మాత్రం మిగిలినయి. ఇంటోళ్లు వాటిని దాచిపెట్టిన్రు. 1989ల ఢిల్లీల ఉన్న ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 పలకలను తీసుకున్నది. 2006ల ఆయన పేరు మీద పోస్టు బిళ్ల వచ్చింది. జీవితమంత పెద్దోళ్ల తలుపుల ముంగట నిలబడ్డ మనిషి బొమ్మ ఉత్తరాల మీద ఊరూరు తిరిగింది. రవివర్మ లక్ష్మి అంతకు మునుపే ఊరూరు తిరిగింది. నిజాం ఆయనకు కూసోకపోతే ఏమాయె? నిజాం రాజ్యంల ఉన్న మట్టి గోడలన్నీ ఆయన బొమ్మకు జాగ ఇచ్చినయి.

బొల్లారం బంగ్లాల వంటిల్లుకు, భోజనాల గదికి నడుమ ఒక సొరంగం ఉన్నది. దొరలు తినే కాడికి వంటోళ్లు కనబడకుండ అన్నం తీసుకపోయేది గండ్లకెళ్లే. ఇప్పుడు దాని గోడల నిండ మన చేర్యాల నకాషీ బొమ్మలు ఏసిన్రు. ఎర్ర రంగు మీద మన పల్లె బతుకు. నేను ఆడ చానసేపు నిలబడ్డ. ఏ తొవ్వలకెళ్లి చాకిరోళ్లు కనబడకుండ పోవాలని కట్టిన్రో, గా తొవ్వలనే ఇప్పుడు చాకిరోళ్ల బొమ్మలు గోడకెక్కినయి. చూడనీకి పోతే దర్బారు గది కాడ ఎక్కువసేపు నిలబడకుండ్రి, గా సొరంగంల నిలబడుండ్రి.

తమ్ముడూ, చెల్లె, ఇప్పుడు మీకు ఒక మాట. దీన్ దయాళ్ మోసుకతిరిగిన బండెడు సామాను మీ జేబుల ఉన్నది. మందు పూసే పని లేదు, ఎండ కోసం ఆగే పని లేదు. చిట్టీ పంపే పని లేదు. మరి గా ఫోన్ పట్టుకోని మనం ఏం జేస్తున్నం? లీడరు ఊర్లెకు వస్తే ఎగబడి ఆయన పక్కన సెల్ఫీ. ఆయన పుట్టిన రోజుకు చౌరస్తాల ఫ్లెక్సీ, కింద మన మొఖాలు పోస్టు బిళ్లంత సైజుల వరుసగ. దీన్ దయాళుకు బతుకు దెరువు ఉండె, కంపెనీ నడపాలె, పనోళ్లకు జీతాలియ్యాలె. అందుకే పెద్దోళ్ల సిట్టింగ్ కోసం నిలబడ్డడు. మనం ఎందుకు నిలబడ్తున్నం? మనకు వచ్చేది ఏంది?

మీ ఊర్ల నాట్లేసే కూలీ ఉన్నది, ఆమెను కూసోబెట్టుండ్రి. డప్పు కొట్టే పెద్దమనిషి ఉన్నడు, మగ్గం మీద ఆఖరుగ మిగిలిన పద్మశాలి తాత ఉన్నడు, బీడీలు చుట్టే అత్త ఉన్నది. అడిగి దించుండ్రి. ఒద్దంటే ఒద్దు. ఒప్పుకుంటే పేరు రాయుండ్రి, ఇంటి పేరు రాయుండ్రి, ఏ పని చేస్తరో రాయుండ్రి, తారీకు రాయుండ్రి. కాయిదం మీద అచ్చేసి వాళ్ల చేతుల పెట్టుండ్రి. ఫోన్ల ఉన్న బొమ్మ ఫోన్ పోతే పోతది. నూరేండ్ల తర్వాత ఎవడన్న చూస్తే, పేరు లేని ఆకలి కనబడొద్దు, పేరున్న మనిషి కనబడాలె.

నేను కూడ ఆలస్యంగనే కండ్లు తెరిచిన. బొల్లారం నుంచి ఇంటికి పోయిన తెల్లారి మా అమ్మకు చెప్పిన, యాపచెట్టు కింద కూసో, ఫొటో దించుత అని. ఎందుకు బిడ్డా అని సిగ్గుపడ్డది. తర్వాత లోపలికి పోయింది. నెత్తి దువ్వుకున్నది, పెట్టెల అడుగుకు ఉన్న చీర తీసి కట్టుకున్నది, బొట్టు తీసి మల్ల పెట్టుకున్నది. గంట పట్టింది.

గా గంట సేపు నేను తలుపు కాడ నిలబడి ఎదురు చూసిన.